యాభై మూడో ఏట ఎల్ బోర్డు

మా ఇంట్లో డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే ఉండేది. అది మా ఆయనది. ముప్పై ఏళ్ళ పాటు ఆ ఒక్క కార్డు మీదే మా సంసారం తిరిగింది. పెళ్ళికైనా, చావుకైనా, గుడికైనా, బడికైనా ఆయన స్టీరింగ్ దగ్గర కూర్చునేవారు. నేను పక్క సీట్లో. నా ఒళ్ళో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. అన్నం క్యారియరో, పూల బుట్టో, దిద్దాల్సిన పిల్లల పుస్తకాలో.

రెండేళ్ళ కిందట ఆ కార్డు గడువు తీరింది. మన దక్షిణాఫ్రికాలో ఐదేళ్ళకొకసారి కార్డు మార్చుకోవాలని మీకు తెలుసు. మార్చేటప్పుడు కళ్ళు కూడా పరీక్షిస్తారు. మా ఆయన ఆ యంత్రంలోకి చూసి, ఎదురుగా ఉన్న గుర్తులన్నీ తడుముకోకుండా చెప్పేశారు. కానీ పక్కల వెలిగే దీపాలు ఆయనకు కనిపించలేదు. అక్కడి అమ్మాయి, "ఇంకోసారి చూడండి అంకుల్" అంది. ఇంకోసారి చూశారు. అప్పుడూ కనిపించలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళమంది.

డాక్టరు గ్లాకోమా అన్నారు. దీనికి తెలుగులో నీటికాసులు అని పేరు. పేరు వింటే ఏదో నగ పేరులా ఉంటుంది. జబ్బు మాత్రం దొంగ. చాలామందిలో నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు. ముందు పక్క చూపును కొద్దికొద్దిగా పట్టుకుపోతుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి అనుమానం రాదు. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు వేసుకుంటూ మిగిలినదాన్ని కాపాడుకోవాలి. "ఇక మీరు కారు నడపకూడదు" అని డాక్టరు మెల్లగానే చెప్పారు. మా ఆయన తల ఊపారు. ఇంటికి టాక్సీలో వచ్చాం. దారంతా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ తరువాత ఆయన రోజూ సాయంత్రం గరాజులోకి వెళ్ళేవారు. కారులో కూర్చుని ఇంజను వేసేవారు. పది నిమిషాలు అలా కూర్చుని, ఆపేసి వచ్చేవారు. అడిగితే, "బ్యాటరీ పాడవకుండా" అనేవారు. నేను వంటింటి కిటికీలోంచి ఆ చప్పుడు వినేదాన్ని. కదలని కారు చప్పుడు వినడం చాలా కష్టం.

పిల్లలిద్దరూ దూరంగా ఉన్నారు. నెలనెలా కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాలి. నేను బడికి వెళ్ళాలి. చాట్స్‌వర్త్‌లో మా వీధి నుంచి టాక్సీ ఎక్కే చోటికి ఎంత ఎత్తు ఎక్కాలో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. ఒకరోజు వానలో తడిసి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూ, "నేను నేర్చుకుంటాను" అన్నాను.

"ఏం నేర్చుకుంటావు?"

"కారు."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఒక మాట. మేం ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. ఇక్కడ ఆయన మాటల్ని నేనే తెలుగులోకి తెచ్చాను. తప్పులుంటే అవి నావి, మా గుడి క్లాసులవి కావు.

అసలు నేను ఇన్నాళ్ళూ ఎందుకు నేర్చుకోలేదు? మా నాయన బస్సు డ్రైవరు. డర్బన్ ఊళ్ళోకీ చాట్స్‌వర్త్‌కీ మధ్య ఏళ్ళ తరబడి బస్సు నడిపారు. మా అన్నయ్యలిద్దరూ పద్దెనిమిది నిండగానే లైసెన్సు తెచ్చుకున్నారు. నాకు పద్దెనిమిది వచ్చినప్పుడు అడిగాను. "నీకెందుకమ్మా, నీ మొగుడు తిప్పుతాడులే" అన్నారు. కోపంతో కాదు, ప్రేమతోనే అన్నారు. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఒక ఆదివారం నేర్పబోయారు. నేను క్లచ్ వదిలాను, కారు గంతు వేసింది, ఆయన అరిచారు. నేను తలుపు తీసుకుని దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను. మా డ్రైవింగ్ క్లాసు అక్కడితో సరి.

మా అవ్వ 'నడపడం' అనేది కాదు. 'బండి తోలడం' అనేది. వాళ్ళ నాన్న, అంటే మా ముత్తాత, మౌంట్ ఎడ్జ్‌కోంబ్ దగ్గర చెరకు తోటలో ఎద్దుల బండి తోలేవాడట. 'తోలు' అంటే వెనక నుంచి అదిలించడం. 'నడుపు' అంటే నడిచేలా చేయడం. గుడి క్లాసులో ఈ రెండు మాటలకూ తేడా చెప్పినప్పుడు నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. కారును తోలకూడదు, నడపాలి అని నాకు అర్థమైంది మాత్రం చాలా ఏళ్ళ తరువాత.

ముందు లెర్నర్స్ లైసెన్సు తీసుకోవాలి. దరఖాస్తు చేసే చోట ఫోటో తీశారు, కళ్ళు చూశారు, వేళ్ళను ఒక గాజు పలక మీద పెట్టమన్నారు. నా వేలిముద్రలు తెర మీద కనిపించాయి. ఆ క్షణం నాకు మా ముత్తాత గుర్తొచ్చాడు. గిర్మిట్ రోజుల్లో యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా కూలీ తోట దాటి వెళితే జైలే. ట్రాన్స్‌వాల్‌లో మనవాళ్ళు వేలిముద్రలిచ్చి చీటీ తీసుకోవాలన్నప్పుడు, 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు దగ్గర ఆ చీటీలను కుప్పపోసి తగలబెట్టారు. 1913లో గాంధీగారి వెంట రెండు వేల మందికి పైగా జనం పర్మిట్ లేకుండానే నాటాల్ సరిహద్దు దాటారు. మా నాయన కాలంలో కూడా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళాలంటే మనవాళ్ళకు పర్మిట్ కావాలి. ఆ నియమం 1975లో పోయింది. ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లో మనవాళ్ళు కాపురం పెట్టడానికి 1986 దాకా వీల్లేదు. జొహానెస్‌బర్గ్ వెళ్ళే దారిలో హారిస్మిత్ వస్తుంది. అక్కడ మనకు ఉండే హక్కు లేదని నాయన చెబుతుంటే చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

మా వాళ్ళందరూ కదలడానికి ఎవరినో ఒక కాగితం అడిగినవాళ్ళే. నేను కూడా కాగితమే అడుగుతున్నాను. కానీ ఈ కాగితం అందరికీ ఒకటే. పరీక్ష కూడా అందరికీ ఒకటే. నేను వేళ్ళు గట్టిగానే నొక్కాను.

రాత పరీక్షలో 64 ప్రశ్నలు. దారి నియమాలు 28, గుర్తులు 28, కారు భాగాలు 8. మూడింటిలోనూ విడివిడిగా పాసవ్వాలి. ఒకదానిలో తప్పితే మిగతా రెండూ బాగా వచ్చినా లాభం లేదు. నేను నాలుగో తరగతి పిల్లలకు చెప్పే పద్ధతిలోనే చదివాను. అట్టముక్కల మీద గుర్తులు గీసి ఫ్రిజ్‌కి అంటించాను. పరీక్ష రోజున గదిలో అందరూ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలే. నేను లోపలికి వెళ్ళగానే ఒక కుర్రాడు లేచి నిలబడి, "మేడం, పేపర్లు మీరే ఇస్తారా?" అన్నాడు. "లేదు బాబూ, నేనూ రాయడానికే వచ్చాను" అని వాడి పక్కనే కూర్చున్నాను. పాసయ్యాను. వాడూ పాసయ్యాడు.

తరువాత కారు వెనక ఎల్ బోర్డు. లెర్నర్ పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలని చట్టం. మా ఆయనకు ఇప్పుడు లైసెన్సు లేదు. ఇంట్లో నన్ను పక్కన కూర్చుని నేర్పగలిగిన మనిషి లేడు. అందుకని ఒక శిక్షకుణ్ణి పెట్టుకున్నాను. ఆయన జూలూ, అరవై దాటినవాడు, పూర్వం బస్సు డ్రైవరే. అందరూ ఆయన్ని మాలూమే అంటారు. జూలూలో మాలూమే అంటే తల్లి అన్నదమ్ముడు. మనకూ మేనమామ అని విడిగా ఒక మాట ఉంది కదా. అంకుల్ అనే మాటలో ఆ తేడా లేదు.

గేర్ల కారే నేర్చుకున్నాను. ఆటోమేటిక్ కారులో పరీక్ష ఇస్తే, ఆటోమేటిక్ మాత్రమే నడపాలని లైసెన్సు మీద రాస్తారు. మా గరాజులో ఉన్నది పాత గేర్ల టొయోటా.

మొదటి నెల నాకు ఏడుపొచ్చేది. కాళ్ళు ఒకటి చేస్తే చేతులు ఇంకొకటి చేసేవి. కళ్ళు వేరే ఎక్కడో ఉండేవి. ఆ రోజుల్లో నాకు గుడి క్లాసులే గుర్తొచ్చాయి. మొదట్లో 'క' రాయడానికి ఎంత కష్టపడ్డాం! తరువాత గుణింతం వచ్చింది. తరువాత ఒత్తులు వచ్చాయి. 'స్త్రీ' అని రాయాలంటే స, త, ర, దీర్ఘం అన్నీ ఒకేసారి గుర్తుండాలి. క్లచ్ వదులుతూ, యాక్సిలరేటర్ నొక్కుతూ, హ్యాండ్‌బ్రేక్ దించుతూ, అద్దం చూడటం కూడా అలాంటిదే. విడివిడిగా అన్నీ సులువు. కలిపి రాయడమే కష్టం. ఇప్పుడు 'స్త్రీ' అని రాసేటప్పుడు నేను ఆలోచించను. కారు కూడా ఒకరోజు అలా అవుతుందని నమ్మాను.

మాలూమే ఎప్పుడూ అరవలేదు. "గాష్లే, మామా, గాష్లే" అనేవాడు. మెల్లగా అని. "ఇంజను మాట్లాడుతుంది, విను" అనేవాడు. ఒకరోజు పాఠం అయ్యాక నేను ఇంటికి వచ్చి నాలుగో తరగతి పుస్తకాలు దిద్దుతున్నాను. ఒక పిల్ల లెక్క మళ్ళీ తప్పు చేసింది. మామూలుగా అయితే ఎర్ర సిరాతో గట్టిగా కొట్టేసేదాన్ని. ఆ రోజు పక్కన చిన్నగా 'ఇంకోసారి' అని రాశాను.

మన పరీక్ష కే53 పద్ధతిలో ఉంటుంది. ముందు కారు చుట్టూ తిరిగి చూడాలి. టైర్లు, దీపాలు, కింద నూనె కారుతోందా అని. తరువాత ఆవరణలో స్తంభాల మధ్య కారు పెట్టడం, వెనక్కి రావడం, ఎత్తు మీద ఆపి మళ్ళీ బయలుదేరడం. కారు ఎత్తు మీద కొంచెం వెనక్కి జారినా అక్కడికక్కడే ఫెయిలు. స్తంభానికి తగిలినా అంతే. అది దాటితేనే రోడ్డు మీదికి తీసుకెళతారు.

మొదటిసారి నేను ఎత్తు మీద జారాను. ఎంతో కాదు, ఒక చెయ్యి వెడల్పు ఉంటుందేమో. పరీక్షకురాలు కాగితం మీద గీత గీసి, "దిగండి మేడం" అంది. పొద్దున వెళ్ళినదాన్ని, అరగంటలో బయట ఉన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకు మార్కులు వేస్తున్న నేను, చేతిలో ఫెయిలు కాగితంతో చెట్టు కింద నిలబడ్డాను. అప్పుడు ఎవరో తెలియని మనిషి దగ్గరికొచ్చి, "ఆంటీ, కూల్ డ్రింక్‌కి కొంచెం ఇస్తే వచ్చేసారి ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఇక్కడ కూల్ డ్రింక్ అంటే ఏమిటో మీకు వివరించక్కర్లేదు.

నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం ఆలోచించాను. వయసు, టాక్సీలు, వాన, ఆయన కళ్ళు, అన్నీ గుర్తొచ్చాయి. తరువాత నా క్లాసులో చూసి రాసిన పిల్లలు గుర్తొచ్చారు. ఆ పైన ఇంకో సంగతి తట్టింది. డబ్బు ఇస్తే కార్డు వస్తుంది. కారు మాత్రం ఎత్తు మీద జారుతూనే ఉంటుంది. పక్కన మా ఆయన ఉంటారు. వెనక ఎవరి పిల్లలుంటారో. "వద్దు బాబూ" అని వచ్చేశాను.

ఇంటికి వచ్చి చెబితే మా ఆయన చాలాసేపు ఊరుకున్నారు. తరువాత, "జారింది కాలు కాదు, తొందర" అన్నారు. మరునాడు శనివారం. గరాజులోంచి ఖాళీ రంగు డబ్బాలు తెచ్చారు. వాటిలో ఇసుక పోసి చీపురు కర్రలు నాటారు. గుడి వాళ్ళను అడిగి, గేట్లు వేసిన వెనక మైదానంలో ఆ డబ్బాలను అడుగులతో కొలిచి పెట్టారు. మాలూమే నా పక్కన కూర్చున్నాడు. మా ఆయన కారు బయట నిలబడ్డారు. ఆ నీటికాసుల కబురు తెలిసిన తరువాత ఆయన గొంతు పెంచి మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

కే53లో అన్నిటికన్నా ముఖ్యమైనది బ్లైండ్ స్పాట్. అంటే అద్దాల్లో కనిపించని చోటు. కదిలే ముందు, పక్కకు తిరిగే ముందు, తల తిప్పి భుజం మీదుగా చూడాలి. అద్దం చాలు అనుకుంటే పొరపాటు. నేను తల తిప్పేదాన్ని, కానీ చూసేదాన్ని కాదు. పిల్లలు పెదవులు కదుపుతూ ఎక్కం చెప్పినట్టు నటిస్తారే, అలాగ.

మా ఆయన అది కనిపెట్టారు. "నేను నీ బ్లైండ్ స్పాట్‌లో నిలబడతాను. వేళ్ళు చూపిస్తాను. ఎన్ని వేళ్ళో గట్టిగా చెప్పు. చెప్పకుండా కదలకు" అన్నారు.

కారు ఆగి ఉంది. ఆయన వెనక పక్కగా నిలబడ్డారు. నేను తల తిప్పాను. "మూడు!" అన్నాను. ఇంకోవైపు వెళ్ళారు. "రెండు!" అలా పది శనివారాలు చేశాం. ఆయనకు పక్క చూపు లేదు. అందుకే దాని విలువ ఆయనకు తెలిసింది. ఒకసారి నేను విసిగి, "కనబడుతున్నారు కదండీ, ఎన్నిసార్లు?" అన్నాను. ఆయన, "నాకు కనబడటం లేదని నాకు తెలియనే లేదు. అదే భయం. అందుకే అడుగుతున్నాను" అన్నారు. నేను ఇక ఎప్పుడూ విసుక్కోలేదు.

రెండోసారి పరీక్షలో ఎత్తు మీద ఇంజను మాట విన్నాను. హ్యాండ్‌బ్రేక్ నెమ్మదిగా దించాను. కారు వెనక్కి జారలేదు. రోడ్డు మీద ఒక చోట రోబో పనిచేయడం లేదు. నాలుగువైపుల స్టాప్ లాగా ముందు వచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలి. అందరూ ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. ఆ రోబో మాట చెబితే నవ్వొస్తుంది. రాజమండ్రి నుంచి గుడికి అతిథిగా వచ్చిన ఒక పంతులమ్మకు దారి చెబుతూ, "రోబో దగ్గర ఎడమకు తిరగండి" అన్నాను. ఆమె పాపం, మరమనిషి కోసం రోడ్డంతా వెతికిందట! ట్రాఫిక్ లైటుకు ఆ పేరు అన్ని దేశాల్లోనూ లేదని నాకప్పుడే తెలిసింది.

పాసయ్యాను. పరీక్షకురాలు నవ్వలేదు కానీ, "బాగా చూస్తున్నారు మేడం" అంది. నాకు అంతకన్నా పెద్ద మార్కు ఎవరూ వేయలేదు. బయట మాలూమే టోపీ తీసి, "హంబా గాష్లే" అన్నాడు. క్షేమంగా వెళ్ళు అని. మనం 'వెళ్ళు' అని ఊరుకోం, 'వెళ్ళిరా' అంటాం. ఆ రెండు మాటలూ కలిస్తే ప్రయాణానికి చాలు.

ముందు తాత్కాలిక కాగితం ఇచ్చారు. దానితోనే ఆయన్ని మొదటిసారి కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నేను తాళాలు తీసుకున్నాను. ఆయన అలవాటు కొద్దీ కుడి తలుపు దగ్గరికి వెళ్ళి, ఆగి, మెల్లగా కారు చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చారు. ఆ నాలుగు అడుగులూ నేను చూడకూడదని సీటు బెల్టు సర్దుకుంటూ కూర్చున్నాను. నాకు కార్డు వచ్చిన సంతోషంలో, ఆయనకు పోయినది ఏమిటో మరిచిపోకూడదు అనిపించింది.

ఆయన కూర్చున్నారు. అన్నం క్యారియరు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. హిగిన్సన్ హైవే ఎక్కే దాకా కుడికాలు నేలకు నొక్కుతూనే ఉన్నారు, అక్కడ బ్రేకు ఉన్నట్టు. నాయన బస్సులో అమ్మ కూడా అలాగే నొక్కేది.

ఇప్పుడు అక్కలకు, చెల్లెళ్ళకు రెండు ముక్కలు. యాభై దాటింది కదా అని ఆగకండి. పక్కన కూర్చునే మనిషికి ఏమైనా అయ్యేదాకా కూడా ఆగకండి. నేను ఆగాను, అది పొరపాటు. మీకు ఓపికగా చెప్పే మనిషిని వెతుక్కోండి. ఫెయిలైతే మళ్ళీ వెళ్ళండి. చెట్టు కింద నిలబడే మనిషికి డబ్బు ఇవ్వకండి. ఇంట్లో నలభై దాటినవాళ్ళ కళ్ళు పరీక్ష చేయించండి, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే. ఎదురుగా బాగానే కనబడుతోంది అంటే నమ్మకండి.

మన దేశంలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. అందుకని ఎడమ బ్లైండ్ స్పాట్ చూడాలని తల తిప్పిన ప్రతిసారీ నా చూపు ముందు ఆయన ముఖం మీదుగా వెళుతుంది. ఆయన ఎదురుగా రోడ్డునే చూస్తూ ఉంటారు. ఒక్కోసారి క్యారియరు మీద చెయ్యి ఎత్తి, నా వైపు చూడకుండానే వేళ్ళు చూపిస్తారు.

"రెండు" అంటాను. అప్పుడు కదులుతాను.